గుంత పాఠం

అన్నయ్య పోయిన ఏడాది నేను ఎనిమిదో తరగతి. ఎనభైల నాటి మాట. దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక కొత్త కాలనీలో ఉండేవాళ్ళం. కాలనీ అనడమే గానీ, కొన్ని ప్లాట్లలో సరిహద్దు రాళ్ళు, కొన్నిట్లో మోకాలెత్తు గోడలు, అక్కడక్కడా మాలాంటి వాళ్ళు పూత పనులు కాకముందే కాపురానికి దిగిన ఇళ్ళు. నాన్నకు గుంటూరు నుంచి బదిలీ అయి వచ్చాం. ఎటు చూసినా ఇసక కుప్పలు, కంకర, ఇటుకల లారీలు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి సన్నటి బూడిద రంగు పొడి ఉండేది. అమ్మ వాటిని దులిపి, మడతపెట్టి, మళ్ళీ చేతులు దులుపుకునేది.

అన్నయ్య పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివేవాడు. ఆదివారాలు నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని ఎల్‌బీ నగర్ దాకా తీసుకెళ్ళేవాడు. విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ అప్పటికింకా జొన్న చేలుండేవి. చేల మధ్యలోనే లేఅవుట్లు పడుతుండేవి. కట్టుబడిలో ఉన్న ఏదో ఒక ఇంట్లోకి దూరి, పైకప్పు లేని గదిలో నిలబడి, "ఇది వంటిల్లు. నీ వెనకే గట్టు వస్తుంది, నడుముకు తగులుతుంది, జరుగు" అనేవాడు. అక్కడ ఏమీ లేకపోయినా నేను జరిగేదాన్ని.

వాడికి ఒక స్నేహితుడుండేవాడు. క్లాస్‌మేటే, కానీ అక్కడి పాత ఊరి రైతుల పిల్లవాడు. వాళ్ళ పొలాల్లో సగం అప్పటికే ప్లాట్లయ్యాయి. మా ఇంటికి భోజనానికి వస్తే గోంగూర పచ్చడి కలుపుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "అమ్మా, మస్తుంది గని జర కారం తక్కువెయ్యి" అనేవాడు. అమ్మ నవ్వి నెయ్యి గిన్నె వాడి ముందుకు జరిపేది. నన్ను చెల్లె అని పిలిచేవాడు. చివరి ఏడాది ట్రైనింగుకు ఇద్దరినీ ఒకే సైటుకు పంపారు. ఎల్‌బీ నగర్ అవతల ఒక లేఅవుట్లో కడుతున్న రెండంతస్తుల ఇల్లు అది.

నేను బడిలో ఉండగా పక్కింటావిడ వచ్చి నన్ను తీసుకెళ్ళింది. ఇంటి ముందు చెప్పులు చాలా ఉన్నాయి.

తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నాను. ఆ ప్లాటులో ఒకప్పుడు వ్యవసాయ బావి ఉండేదట. దాన్ని పూడ్చి చదును చేశారు. పూడ్చిన ఆ వదులు మట్టిలోనే సెప్టిక్ ట్యాంకుకు లోతుగా గుంత తవ్వారు. తవ్విన మట్టిని అంచునే కుప్ప పోశారు. గుంత గోడలు కూలకుండా పలకలు గానీ, దన్ను కర్రలు గానీ పెట్టలేదు. కూలీలు అన్నాలకు కూర్చున్న వేళ అన్నయ్య గుంతలోకి దిగాడు. ఒక పక్క గోడ మొత్తంగా కూలింది. అందరూ పారలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తీసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. గుంటూరు నుంచి వచ్చిన చుట్టాలు నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చేవాళ్ళు. వాళ్ళ చీరల్లో ప్రయాణం వాసన, బస్సు వాసన. వాళ్ళు వదిలిపెట్టేదాకా ఆగి, వెళ్ళి యూనిఫారం ఉతుక్కునేదాన్ని. పెట్టినంత తినేదాన్ని. పిల్ల గట్టిదని ఒకావిడ అంది. ఇంకొకావిడ, "గట్టిదేం కాదు, దానికింకా తెలీలేదు" అంది. రెండూ నా ముందే అన్నారు. రెండింటికీ నేను ఊ కొట్టాను.

కాంట్రాక్టరు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "మేమెవ్వరం దిగమనలే సారూ" అన్నాడు నాన్నతో. అమ్మ లోపల్నుంచి విని బయటికొచ్చింది.

"వాడు భయస్థుడయ్యా. నూతిలోకి తొంగిచూడమంటేనే చూసేవాడు కాదు. అలాంటివాడు తనంతట తాను ఎందుకు దిగుతాడు? ఎవరో దిగమన్నారు. ఎవరన్నారో చెప్పి వెళ్ళు."

అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. నాన్న ఆ తర్వాత పోలీస్ స్టేషనుకు వెళ్ళాడు, ఆ స్నేహితుడి ఇంటికీ వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, "ఏం తేలలేదు" అన్నాడు. అంతే, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ స్నేహితుడు కూడా మా ఇంటికి రావడం మానేశాడు.

అమ్మ మాత్రం ఆ మాట వదల్లేదు. అటు తర్వాత మా చుట్టూ ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. గడ్డిఅన్నారం మార్కెట్టుకు మామిడికాయలకు వెళ్ళినా, కొత్తపేటలో పెళ్ళికి వెళ్ళినా, దారిలో ఎక్కడ గుంత కనిపించినా ఆగి చూసేది. "ఎవరో దించారమ్మా వాణ్ణి" అనేది. గొంతులో కోపం కూడా ఉండేది కాదు క్రమంగా. దారిలో గుడి కనిపిస్తే దండం పెట్టుకున్నట్టు అనేది. నేను పక్కనే సంచీ పట్టుకుని నిలబడి, ఆవిడ మళ్ళీ నడవడం మొదలుపెట్టేదాకా ఆగేదాన్ని.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదివాను. అన్నయ్య కోసమా అని చాలామంది అడిగారు. నాకొచ్చిన ర్యాంకుకు ఆ సీటొచ్చింది. చదువయ్యాక కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా పని చేసి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. నాన్న అప్పటికి లేడు. అమ్మ నా దగ్గరే ఉండేది. కట్టడాల దగ్గర భద్రత అనే పేపరు ఒకటుంది, దాన్ని చెప్పడానికి ఎవరూ ఇష్టపడరు. పరీక్షకు ముందు రాత్రి చదివినా పాసైపోయే పేపరు. ఎవరూ ఒప్పుకోకపోతే నాకిచ్చారు. ఏళ్ళ తరబడి అదే చెప్పాను. హెల్మెట్, బెల్టు, గుంత లోతు, గుంత గోడలకు దన్ను. బోర్డు మీద గుంత బొమ్మ వేసి, కొలతలు రాసి, చెరిపేసి తర్వాతి పాఠానికి వెళ్ళేదాన్ని.

కొన్నేళ్ళ కిందట కాలేజీకి అట్టపెట్టెల్లో వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు వచ్చాయి. కళ్ళకు కట్టుకుంటే ఇంకో లోకం కనిపించే పరికరాలు. తల తిప్పితే ఆ లోకమూ తిరుగుతుంది, వంగితే కింద నేల కనిపిస్తుంది. తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించుకోవడానికి యాజమాన్యం తెప్పించింది. ఏదో ఒక పాఠం అందులో పెట్టాలి కదా, భద్రత పేపరైతే బాగుంటుందని నన్ను పిలిచారు. దాన్ని తయారుచేసే కంపెనీ నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"మేడమ్, ఏ యాక్సిడెంట్ పెడదాం? ఎత్తు మీంచి పడటం, కరెంట్ షాక్, క్రేన్... ఏదైనా చేసేస్తాం."

"గుంత కూలడం" అన్నాను.

"అది అంత థ్రిల్లింగా ఉండదేమో మేడమ్."

"అదే పెట్టండి."

అతను అడిగినవన్నీ చెప్పాను. లోతెంత, వెడల్పెంత, మట్టి ఏ రంగు, కుప్ప ఎక్కడ. మొదటిసారి చూపించినప్పుడు మట్టి మరీ ఎర్రగా, ఎక్కడిదో పరాయి దేశం మట్టిలా ఉంది. పైన గోధుమ రంగు మొరం, కింద నల్లటి పూడిక మట్టి, మధ్యలో పాత ఇటుక ముక్కలు ఉండాలన్నాను. మార్చాడు. కూలేటప్పుడు పెద్ద శబ్దం, కేకలు పెడతానన్నాడు. వద్దన్నాను. ముందు కాస్త మట్టి రాలుతుంది, తర్వాత చీకటి, ఏ చప్పుడూ ఉండదు, అదే చాలన్నాను. అతను నా వంక ఒకసారి చూసి, రాసుకున్నాడు. ఇంట్లో గదికి రంగు ఎంచుకున్నట్టు ఎంచుకున్నాను అవన్నీ.

ఆ లోకంలో ఒక సూపర్‌వైజరు ఉంటాడు. గుంత అంచున నిలబడి విద్యార్థిని దిగమంటాడు. విద్యార్థి గోడలకు దన్ను లేదని గమనించి దిగనని చెప్పాలి. దిగితే గుంత కూలుతుంది. పాఠం అలా రాసింది నేనే. ఆ సూపర్‌వైజరు అమ్మ మాటల్లోంచి వచ్చాడని రాసేటప్పుడు నాకు తోచలేదు.

మొదటి బ్యాచ్ పిల్లలకు పెట్టి చూశాం. సూపర్‌వైజరు దిగమని గదమాయించడం, అందరూ దిగననడం. అందరికీ పూర్తి మార్కులు. మార్కులు వచ్చాక, గుంత కూలితే ఎలా ఉంటుందో చూద్దామని ఒకరిద్దరు కావాలని దిగి, చీకటి పడగానే నవ్వుతూ హెడ్‌సెట్ తీశారు. ప్రిన్సిపాల్ బాగుందన్నారు. నాకెందుకో సూపర్‌వైజరు గొంతు నచ్చలేదు, టీవీలో వార్తలు చదివినట్టు ఉంది. ఇక్కడి సైటు మనిషి గొంతు కావాలన్నాను. ఎవరిదైనా రికార్డు చేసి పంపండి మేడమ్ అన్నాడు కంపెనీ కుర్రాడు.

అప్పుడు గుర్తొచ్చాడు అన్నయ్య స్నేహితుడు. ఇప్పుడతను పెద్ద బిల్డరు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర మెట్రో స్టేషనుకు ఎదురుగా అతని ఆఫీసు. ఎప్పుడో ఒక పెళ్ళిలో కనిపించి, అమ్మ ఆరోగ్యం అడిగి వెళ్ళిపోయాడు. నేను వెళితే లేచి నిలబడ్డాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. టీ తెప్పించాడు. వచ్చిన పని చెప్పి, సూపర్‌వైజరు మాటలున్న కాగితం చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. చదివి బల్ల మీద పెట్టాడు.

"గిది నువ్వు రాసినవా చెల్లె?"

"అవునన్నా."

"గిట్ల ఎవరన్నరు?"

"ఎవరో ఒకరు అని ఉంటారు కదా. అమ్మ ఎప్పుడూ అదే..."

అతను కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఎవ్వరు దిగమనలే. ఆ కాంట్రాక్టర్ చెప్పింది నిజమే. మేమిద్దరం ఒడ్డు మీద నిలవడి కొలుస్తున్నం. టేపు మీ అన్న చేతిలకెల్లి జారి లోపల పడ్డది. కాలేజీ టేపది. తిరిగియ్యాల్నాయె. 'ఒక్క నిమిషంరా, తెస్తా' అన్నడు. నిచ్చెన గుంతలనే ఉండె. నేను సరే అన్న కూడా. పొద్దున్నుంచి కూలోల్లు ఎక్కుతున్నరు, దిగుతున్నరు. మాకు అందుల భయమేమున్నట్టు అనిపించలే."

నేను టీ వైపు చూస్తున్నాను. మీద మీగడ కట్టింది. బయట రోడ్డు మీద విజయవాడ బస్సువాడు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు.

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పిన. మీ నాయిన మా ఇంటికొస్తె అంతా చెప్పిన. 'ఇది మా ఇంట్లో తెలియనీయకు బాబూ. వాళ్ళమ్మకు తప్పు పట్టడానికి ఎవరో ఒకరిని ఉండనీ. వాడే తెలియక దిగాడంటే ఆవిడ తట్టుకోలేదు' అన్నడు. నన్ను ఇంటికి రావొద్దనలే. నాకే రాబుద్ధి కాలే. అమ్మ అడిగితె అబద్ధం ఎట్ల చెప్పాలె?"

నాన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఏం తేలలేదన్న సాయంత్రం గుర్తొచ్చింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా పేపరు చదువుకుంటూనో, చెట్లకు నీళ్ళు పోస్తూనో ఉండేవాడు. ఆయన మీద కోపం వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాను. రాలేదు. లేచి వస్తానన్నాను. అతను కింద రోడ్డు దాకా వచ్చి, నేను ఆటో ఎక్కేదాకా నిలబడ్డాడు.

అమ్మకు చెప్పాలా వద్దా అని ఒక వారం తిరిగాను. నాన్న వద్దన్నాడు. కానీ ఆ వద్దన్న రోజుల్లో అమ్మ వేరు. ఇప్పుడు ఎనభై దాటిన మనిషి, రోజుకు ఒక మాత్రల డబ్బా. చెప్పకపోతే పోయేదేమీ లేదు. అయినా ఆదివారం పొద్దున ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, నేనూ నాలుగు కాయలు తీసుకుని, మొత్తం చెప్పేశాను. నాన్న సంగతి కూడా.

అమ్మ చేతులు ఆగలేదు. ఇంకొన్ని కాయలు తుంచింది.

"ఏ టేపు?" అంది.

"కొలతల టేపమ్మా. కాలేజీది."

"ఊ." కాసేపటికి మళ్ళీ, "మరి అది దొరికిందా?" అంది.

నేను అడగలేదు. ఆ సంగతే చెప్పాను. అమ్మ తల ఊపింది. ఈనెలు కాగితంలో పోగుచేసి నాకిచ్చి, "చెత్తబుట్టలో వెయ్" అంది. ఆ రోజు కూర మామూలుగానే ఉంది. సాయంత్రం పడుకుని గోడ వైపు తిరిగి ఉంటే, నిద్రపోతోందా అని దగ్గరికెళ్ళి చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. దీపం పెట్టే వేళయిందా అని అడిగింది.

ఆ తర్వాత అమ్మ నోట ఆ మాట వినలేదు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు దారి పొడవునా ఫ్లైఓవరు గుంతలు తవ్వి ఉంటే, ఆటోలోంచి చూస్తూ కూర్చుంటుంది. చెప్పడం మంచిదైందో కాదో నాకు తెలియదు. తప్పు పట్టడానికి ఇప్పుడు ఆవిడకు ఎవరూ లేరు. అది మాత్రం తెలుస్తుంది, పక్కన కూర్చున్నప్పుడు.

కంపెనీ కుర్రాడికి ఫోన్ చేసి సూపర్‌వైజరును తీసేయమన్నాను.

"మరి దిగమనేది ఎవరు మేడమ్?"

"ఎవరూ అనరు. విద్యార్థి చేతిలో టేపు ఉంటుంది. కొలుస్తుంటే జారి లోపల పడుతుంది. ఏం చెయ్యాలో మనం చెప్పం. నిచ్చెన అక్కడే ఉంటుంది."

"కానీ మేడమ్, ముందు వార్నింగ్ ఏదైనా పెట్టాలి కదా. లేకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

"గోడలకు దన్ను లేదు. అంచునే మట్టి కుప్ప. అవి కనిపిస్తాయి కదా. అంతే పెట్టండి."

కొత్త పాఠం రాగానే మూడో ఏడాది పిల్లలకు పెట్టాను. ల్యాబులో ఒకరి తర్వాత ఒకరు హెడ్‌సెట్ కట్టుకున్నారు. మేమంతా పక్కన పెద్ద తెర మీద వాళ్ళు చూసేదే చూస్తున్నాం. గుంత కూలితే ఏమవుతుందో పుస్తకంలో చదివినవాళ్ళు, పాత పాఠంలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు. టేపు జారగానే అందరూ దాదాపు ఒకే పని చేశారు. అరె అనుకున్నారు, అటూ ఇటూ చూశారు, నిచ్చెన వైపు నడిచారు. కొందరు మట్టి కుప్ప మీద అడుగేసి మరీ దిగారు. కాస్త మట్టి రాలింది. తర్వాత చీకటి. మొదటి ఇద్దరప్పుడు వెనక నవ్వులు వినపడ్డాయి. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. హెడ్‌సెట్ తీసినవాళ్ళు బెంచీ మీద కూర్చుని తర్వాతివాళ్ళు దిగడం చూశారు. చూసినవాళ్ళు కూడా, ఇది పరీక్షేనని తెలిసి కూడా, తమ వంతు రాగానే చాలామంది దిగారు.

నల్గొండ వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీ. ఆమె కూడా దిగింది. చీకటి పడ్డాక హెడ్‌సెట్ తీయకుండా కాసేపు అలాగే నిలబడింది. తర్వాత తీసి, నా దగ్గరికొచ్చి, మెల్లగా అడిగింది.

"మేడమ్, నన్ను ఎవ్వరు దిగమనలే గదా. మరి నేనెందుకు దిగిన?"

ఆమె ముఖం మీద హెడ్‌సెట్ అచ్చు పడి ఉంది, కళ్ళ చుట్టూ ఎర్రగా. తరగతంతా నా జవాబు కోసం చూస్తోంది. ఇన్నేళ్ళూ బోర్డు మీద రాసిన సూత్రాలన్నీ ఉన్నాయి చెప్పడానికి. వాటిలో ఏదీ ఆ ప్రశ్నకు సరిపోదు.

"టేపు పడిపోయింది కాబట్టి" అన్నాను. "ఇంకేం లేదు. పడిపోయిన వస్తువు కనిపిస్తుంటే మనిషి వంగుతాడు."

"మరి ఏం చెయ్యాలె మేడమ్?"

"అంచు దగ్గర ఆగాలి. ఆగి, పక్కవాడితో ఆ మాట పైకి అనాలి. టేపు పడింది, నేను దిగుతున్నా అని. పైకి అంటే మనకే వినపడుతుంది."

ఆమె తల ఊపింది గానీ సరిపోయినట్టు కనిపించలేదు. నాకూ సరిపోలేదు. ఆ స్నేహితుడికి అన్నయ్య చెప్పే దిగాడు కదా అని అప్పుడే గుర్తొచ్చింది. పైకి అనడం కూడా చాలదు. విన్నవాడు సరే అనకూడదు. ఆ మాట కూడా చెప్పాను పిల్లలకు, ఎవరి సంగతో చెప్పకుండా. "పక్కన నిలబడ్డవాళ్ళు వద్దనాలి. తెలిసినా తెలియకపోయినా వద్దనాలి" అన్నాను. ఒకబ్బాయి అది రాసుకున్నాడు.

అప్పటి నుంచి పాఠాన్ని ఇద్దరిద్దరికి పెడుతున్నాం. ఒకరి చేతిలో టేపు, ఒకరు పక్కన. కొన్ని జంటల్లో ఇద్దరూ దిగుతారు. కొన్నిసార్లు పక్కవాళ్ళు, "వద్దురా, ఆగు, పోతే పోయింది" అంటారు. అలా అన్నప్పుడు గుంత కూలదు. ఏమీ జరగదు. ఎండలో గుంత అలాగే ఉంటుంది, అడుగున టేపు పసుపు పచ్చగా కనిపిస్తుంది, పాఠం అయిపోతుంది. ఇంతేనా మేడమ్ అంటారు పిల్లలు. ఇంతే అంటాను. హెడ్‌సెట్ తీసుకుని, స్పాంజి మీది చెమట స్పిరిటు దూదితో తుడిచి, వరసలో నిలబడ్డవాళ్ళకు అందిస్తాను.